"పాలు పడ్డాయా?"

శ్రోతలకు నమస్కారం. పల్లెల్లో కాన్పయిన ఇంటికి చూడవచ్చినవాళ్లు ముందుగా అడిగేది, "పాలు పడ్డాయా?" అనే. బాలింత నోరు తెరిచేలోపే పక్కనుంచి ఎవరో అందుకుంటారు: "ఇంకెక్కడి పాలు, చుక్క రావడం లేదు." ఆ వెంటనే తేనో, పంచదార నీళ్లో, పోతపాలో బిడ్డ నోటికి చేరతాయి.

నిజానికి చుక్క లేదనుకునే ఆ రెండు మూడు రోజుల్లోనే ముర్రుపాలు వస్తాయి. పసుపుపచ్చగా, చిక్కగా, కొద్దిగానే వస్తాయి. అది లోటు కాదు. మొదటి రోజు బిడ్డకు ఒక్కసారికి ఒక చెంచాడు పాలే ఎక్కువ. రోగాల్ని అడ్డుకునే యాంటీబాడీలు, విటమిన్ ఎ ఆ కాసిన్ని పాలలోనే దండిగా ఉంటాయి. అందుకే పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తేనె సంగతంటారా, ఏడాది నిండేవరకు పెట్టకూడదు. ప్రమాదకరమైన విషజబ్బు రావచ్చు.

బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయి. పోతపాలతో పొట్ట నిండినవాడు రొమ్మును గట్టిగా పీల్చడు. పీల్చకపోతే పాలు తగ్గుతాయి. అప్పుడు, "నేను ముందే చెప్పలేదూ" అంటారు పెద్దలు. ఆ తగ్గుదలకు కారణం తల్లి కాదు, ఆ సీసా. ఏడ్చిన ప్రతిసారీ ఆకలే అనుకోనక్కర్లేదు. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్లే కాబట్టి, ఎంత ఎండాకాలమైనా ఆరునెలలదాకా విడిగా నీళ్లు పట్టక్కర్లేదు.

అసలు చిక్కు తల్లి మళ్లీ పొలం పనికి వెళ్లే రోజున మొదలవుతుంది. మధ్యాహ్నానికి రొమ్ములు గట్టిపడి సలుపుతాయి, పాలు కారి రవిక తడుస్తుంది. బిడ్డేమో ఇంట్లో అవ్వ ఒళ్లో ఏడుస్తుంటాడు. "తల్లిపాలే పట్టండి" అని మైకు ముందు కూర్చుని చెప్పడం నాకు తేలికే. ఆమె పని ఎవరు అందుకుంటారన్నది మాత్రం ఆ ఇల్లే తేల్చుకోవాలి. విరామం వేళకు బిడ్డను పొలం గట్టుకు తీసుకెళ్లగలిగితే అంతకంటే మేలు లేదు. కుదరకపోతే పొద్దున్నే చేతులు కడుక్కుని, శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి, మూతపెట్టి చల్లని చోట ఉంచాలి. నాలుగు గంటల్లోపు, ఎండ మండుతుంటే ఇంకా ముందే, చెంచాతోనో చిన్న కప్పుతోనో పట్టాలి. సీసా వద్దు, దాన్ని సరిగ్గా మరిగించి కడగడం చాలా ఇళ్లలో అయ్యే పని కాదు. రాత్రిళ్లు మాత్రం ఎన్నిసార్లయినా పట్టాలి. పాలు ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రే ఎక్కువ. పగలు తగ్గింది అలా కొంత పూడుతుంది.

ఆరునెలలు నిండాక మెత్తని తిండి మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైనా పాలివ్వవచ్చు. విరేచనాలైనప్పుడు పాలు మాన్పించకండి, అప్పుడే బిడ్డకు వాటి అవసరం ఎక్కువ. బిడ్డ మగతగా పడుకుని రొమ్ము పట్టకపోయినా, మూత్రం తగ్గినా, తల్లికి రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.