జవాబు రాని దరఖాస్తులు

అందరికీ నమస్కారం.

ముందు ఒక ఫారం గురించి చెప్తాను. ఈమధ్య ఉద్యోగం వెతికినవాళ్లందరికీ అది తెలిసే ఉంటుంది. రెజ్యూమె అప్‌లోడ్ చేయమంటుంది, చేస్తాం. తర్వాతి పేజీలో ఆ రెజ్యూమెలో ఉన్నదంతా మళ్లీ ఒక్కో గడిలో టైప్ చేయమంటుంది. చదివిన కాలేజీ, పాత ఉద్యోగంలో చేరిన నెల, మానేసిన నెల, మానేసిన కారణం. అవన్నీ అయ్యాక ఎర్ర చుక్క గుర్తుతో ఇంకో గడి వస్తుంది: ‘మీరు ఆశించే జీతం’. ఖాళీగా వదిలేస్తే పేజీ ముందుకు కదలదు. సున్నా వేస్తే ఒప్పుకోదు. వాళ్లు ఎంత ఇస్తారో మాత్రం ప్రకటనలో ఎక్కడా ఉండదు, ‘అనుభవాన్ని బట్టి’ అని ఉంటుంది. ఎక్కువ రాస్తే పక్కన పెట్టేస్తారేమోనని భయం. తక్కువ రాస్తే అదే ఖాయం చేస్తారేమోనని బెంగ. ఒకసారి ఆ గడి దగ్గర అంకె వేసి, చెరిపి, మళ్లీ వేసి పావుగంట కూర్చున్నాను. ఈలోగా ‘సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి’ అని వచ్చింది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ గడిలోనే ఉంది. మన సంగతులన్నీ వాళ్లకు తెలియాలి, వాళ్ల సంగతి మనకు ఒక్కటీ తెలియకూడదు. ఉద్యోగం వెతుక్కునేటప్పుడూ, చేరిన తర్వాతా మనల్ని ఎక్కువగా నలిపేది ఇదేనని నా నమ్మకం.

పాతరోజుల్లో ఉద్యోగం తేలిగ్గా దొరికేదని నేననను. కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. ఎక్కే గడప, దిగే గడప. అయితే ఆ గడప దగ్గర ఒక మనిషి ఉండేవాడు. ‘ఖాళీల్లేవు, వెళ్లండి’ అని ముఖం మీదే చెప్పేవాడు. ఆ మాట గుచ్చుకునేది కానీ, ఆశ అక్కడితో తెగిపోయి ఇంకో చోటికి వెళ్లడానికి వీలయ్యేది. 1994లో మాన్‌స్టర్, 2003లో లింక్డ్‌ఇన్ లాంటి ఉద్యోగాల వెబ్‌సైట్లు వచ్చాక కూర్చున్న చోటునుంచే వంద చోట్లకు దరఖాస్తు పెట్టగలుగుతున్నాం. మనకు తేలికైనకొద్దీ అవతల గుట్టలు పేరుకుపోయాయి. చదివే తీరిక లేక కంపెనీలు వడపోతకు సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాయి. జవాబులు రావట్లేదని మనం ఇంకో వంద పెడుతున్నాం. గుట్ట ఇంకా పెరుగుతోంది.

ఆ సాఫ్ట్‌వేర్ పక్షపాతం లేకుండా చూస్తుందని చాలామంది అనుకుంటారు. అమెజాన్ తన దగ్గరకు పదేళ్లలో వచ్చిన రెజ్యూమెలతో అలాంటిదొకటి తయారుచేసుకుంది. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లవి. దాంతో అది మహిళల క్లబ్బు, మహిళల కాలేజీ అని కనిపించిన రెజ్యూమెలకు మార్కులు తగ్గించడం నేర్చుకుంది. చివరికి కంపెనీ దాన్ని పక్కన పడేసిందని 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. యంత్రాన్ని ఒక్కదాన్నే అని లాభం లేదు. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 రెజ్యూమెలు పంపి చూశారు. అవి కల్పితమైనవి, అర్హతల్లో తేడా లేనివి, పేర్లు మాత్రం వేరు. తెల్లజాతివారివిగా అనిపించే పేర్లకు నల్లజాతివారి పేర్లకన్నా 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. ఆ అధ్యయనం 2004లో అచ్చయింది. మనుషులు చేసిన పనులనుంచే యంత్రం నేర్చుకుంటోంది మరి.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. ఒక పెద్ద కంపెనీలో మూడు రౌండ్లు దాటాను. ‘చిన్న అసైన్‌మెంట్’ అన్నారు. రెండు రాత్రులు నిద్ర మానుకుని 22 పేజీల ప్రణాళిక రాసిచ్చాను. ‘చాలా బాగుంది, త్వరలో చెప్తాం’ అన్నారు. ఆ తర్వాత ముఖం చాటేశారు. ఫోన్ ఎత్తరు, మెయిల్‌కు జవాబివ్వరు. స్పామ్ ఫోల్డర్‌లో పడిందేమోనని రోజుకు పదిసార్లు చూసుకునేదాన్ని. ఆ రోజుల్లోనే ఒక చిన్న సంస్థ ఉద్యోగమిస్తామని రెండు రోజుల్లో చెప్పమంది. పెద్దది వస్తుందన్న ఆశతో వద్దన్నాను. రెండూ పోయాయి. ఎంపిక కాలేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఒకటైనా దక్కేది. జీతం లేకుండా చేయించుకున్న ఆ రెండు రాత్రుల పనిని నేను వెట్టి అనే అంటాను.

చేరాక కూడా సంగతి ఇలాగే ఉంటుంది. ‘మనమంతా ఒకే కుటుంబం’ అంటారు. మనం మానేయాలంటే నెలల తరబడి నోటీసు, వాళ్లు తీసేయాలంటే ఒక్క వీడియో కాల్. అది ముగిసేలోపే లాగిన్ పనిచేయదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని పరిశ్రమల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే రాసింది. అది 1919 నాటి మాట. ఇప్పుడు రాత్రి పదింటికి ‘ఒక్క నిమిషం పని’ అని మెసేజ్ వస్తే, చూడకపోతే టెన్షన్, చూస్తే నిద్ర పాడవుతుంది.

కొన్నిచోట్ల చట్టాలు కదిలాయి. కెనడాలోని ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి, 25 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు ప్రకటనలో జీతం చెప్పాలి. ఖాళీ నిజంగా ఉందో లేదో చెప్పాలి. వడపోతకు కృత్రిమ మేధ వాడితే ఆ మాటా చెప్పాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు 45 రోజుల్లో సంగతి తెలియజేయాలి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన ఆదేశం ప్రకారం పాత జీతమెంతని అభ్యర్థిని అడగకూడదు. మనం నోరు తెరిచి అడిగితే గొంతెమ్మ కోరికలంటారనుకున్న విషయాలే ఇవన్నీ.

చట్టం లేనిచోట? అడగందే అమ్మైనా పెట్టదంటారు. మొదటి ఫోన్‌లోనే జీతం ఎంత నుంచి ఎంత అని అడగండి. ఈ ఖాళీ ఎలా వచ్చిందో, ఎప్పటికి తేలుస్తారో అడగండి. నోటిమాట ఇస్తే మెయిల్‌లో పెట్టమనండి. ఉద్యోగమిప్పిస్తామని మీ దగ్గరే ఫీజు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 ఒడంబడిక కూడా కొద్ది మినహాయింపులతో ఏజెన్సీలు కార్మికుల నుంచి డబ్బు తీసుకోకూడదనే అంటోంది. అద్దె కట్టాల్సిన తేదీ దగ్గరపడ్డ మనిషి ఇవన్నీ గట్టిగా అడగలేడని నాకు తెలుసు. అందుకే ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు ముందు అడగాలి. పక్క సీటువాళ్లకు మన జీతమెంతో చెప్పడానికి సిగ్గుపడకూడదు.

ఇప్పుడు మా టీమ్‌లోకి మనుషుల్ని ఎంపిక చేసే పని నా మీద కూడా పడింది. పోయిన నెల ఒక్క పోస్టుకు 11 మందిని ఇంటర్వ్యూ చేశాను. ఎంపిక తేలిన రోజు సాయంత్రం మిగతా పదిమందికీ రాశాను: ‘ఈ ఉద్యోగం వేరొకరికి ఇచ్చాం. మా కోసం ఆగకండి.’ పదిమందికీ కలిపి అరగంట కూడా పట్టలేదు. రాత్రి ఒకమ్మాయి జవాబిచ్చింది: ‘చెప్పినందుకు థాంక్స్ మేడమ్. ఇంకోచోట రేపటిలోగా చెప్పమన్నారు. మీ కోసమే ఆగాను. ఇప్పుడే ఒప్పుకుంటున్నాను.’