రెమిషన్ అంటే సున్నా కాదు

తమ్ముడు: నమస్తే. ఈ ఎపిసోడ్ హబ్సిగూడలో మా అక్క వాళ్ళ వంటింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. కుక్కర్ విజిల్ వినపడితే ఏమీ అనుకోకండి. అక్క చాలా ఏళ్ళుగా ల్యాబులో బ్లడ్ క్యాన్సర్ శాంపిల్స్ చూస్తోంది. అక్కా, ఏఎంఎల్, అంటే వేగంగా ముదిరే ఒక రకం బ్లడ్ క్యాన్సర్, వచ్చిన మనిషికి కీమో అయ్యాక 'రెమిషన్ వచ్చింది' అంటారు. ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు. ఆర్నెల్లకు జబ్బు తిరగబెట్టిందంటారు. అప్పటిదాకా ఎక్కడ దాక్కుంది మరి?

అక్క: మూలుగలోనే. నల్లి బొక్క కొట్టి తింటావే, అందులో ఉండేదే. జబ్బు బయటపడ్డ రోజున ఒంట్లో లక్ష కోట్ల దాకా ల్యుకేమియా కణాలు ఉంటాయి. రెమిషన్ అంటే రక్తకణాల కౌంట్లు కోలుకున్నాయి, మైక్రోస్కోప్ కింద మూలుగలో బ్లాస్టులు, అంటే ఎదగని పసికణాలు, 5 శాతం లోపు కనిపించాయి అని. అంతే. ఆ రోజున కూడా వందల కోట్ల కణాలు మిగిలి ఉండొచ్చు.

తమ్ముడు: వందల కోట్లా! మరి స్వీట్లు?

అక్క: పంచనీరా, అది చిన్న గెలుపేం కాదు. కానీ ఆ మిగిలిందాన్ని వెతకాలి. దాన్నే ఎంఆర్‌డీ అంటాం, కంటికి కనపడకుండా మిగిలిన జబ్బు అని. లక్ష సోనామసూరి గింజలు కుప్ప పోశావనుకో. అందులో ఒక్క నల్లగింజ ఉన్నా, జీన్ గుర్తు పట్టి వెతికే పీసీఆర్ పరీక్ష పట్టుకోగలదు. కణాల పైనున్న గుర్తులు చూసే ఫ్లో సైటోమెట్రీ అయితే వెయ్యిలో ఒకటి, ఇంకా బాగా చేస్తే పది వేలలో ఒకటి పడుతుంది. అయితే పీసీఆర్‌కి ఆ నల్లగింజ ఎలా ఉంటుందో ముందే తెలియాలి. ఆ గుర్తే మ్యుటేషన్, అంటే జీన్‌లో వచ్చిన మార్పు.

తమ్ముడు: రిపోర్టులో నాలుగైదు జీన్ల పేర్లు ఉంటాయి కదా. అన్నీ గుర్తులేనా?

అక్క: అక్కడే అందరూ తికమకపడతారు. ఎన్‌పీఎం1 అనే జీన్‌లో మ్యుటేషన్ ఉందనుకో, పెద్దవాళ్ళ ఏఎంఎల్‌లో ముగ్గురిలో ఒకరికి దాదాపుగా ఉంటుంది. అది నమ్మకమైన గుర్తు. జబ్బు తిరగబెడితే చాలావరకు అదీ వెంటే వస్తుంది. 2016లో బ్రిటన్ వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది. రెండో కీమో సైకిల్ తర్వాత రక్తంలో ఎన్‌పీఎం1 ఇంకా కనిపించినవాళ్ళలో మూడేళ్ళలో 82 శాతం మందికి తిరగబెట్టింది. కనిపించనివాళ్ళలో 30 శాతం మందికి.

తమ్ముడు: కనిపించకపోయినా 30 శాతమా?

అక్క: అందుకే ఒక్కసారి నెగెటివ్ చూసి వదిలేయం. కీమో అంతా పూర్తయ్యాక రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి మూలుగ, లేదంటే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తం చూడాలంటారు.

ఇక ఎఫ్‌ఎల్‌టీ3, మేం ఫ్లిట్-త్రీ అంటాం. ఆ జీన్‌లో వచ్చే మ్యుటేషన్ చంచలమైనది. మొదట ఉన్నది తిరగబెట్టినప్పుడు మాయమవ్వచ్చు, మొదట లేనిది కొత్తగా రావచ్చు. కీమోకి జబ్బు కణాల్లో పెద్ద గుంపు చచ్చిపోతే, మూల నక్కిన చిన్న గుంపు పెరుగుతుంది. దానికి వేరే మ్యుటేషన్లు. అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు, తిరగబెట్టినప్పుడు మళ్ళీ పరీక్ష చేయాల్సిందే. ఊరికే కాదు, అప్పుడది ఉంటే గిల్టెరిటినిబ్ లాంటి మాత్ర ఇవ్వొచ్చు. 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది దానికి.

తమ్ముడు: మిగతావి?

అక్క: డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్‌ఎక్స్‌ఎల్1. ఈ మూడు జీన్లలో మ్యుటేషన్లు జుట్టు నెరిసినట్టు. వయసు మీద పడ్డాక ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తంలోనూ కనిపిస్తాయి. రెమిషన్‌లో ఇవి మిగిలాయంటే జబ్బు మిగిలిందని కాదు. ఆ పేరు రిపోర్టులో చూసి, గూగుల్ చేసి, రాత్రి పదకొండుకి ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళున్నారు నాకు.

తమ్ముడు: నువ్వేం చెప్తావు?

అక్క: మందుల సంగతి మీ డాక్టర్‌నే అడగండి అంటా. కానీ ఒకటి అడగమని చెప్తా: 'మాకు దేన్ని గుర్తుగా పెట్టుకుని చూస్తున్నారు?' అని. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాలి. ఒకబ్బాయి వాళ్ళ నాన్న ఫైలు తెచ్చాడు. ఎక్కడ చూపించారో వదిలెయ్. కీమో అయిపోయింది, రెమిషన్ వచ్చింది, ఎంఆర్‌డీ చేయమంటాడు. మొదటి రోజు మ్యుటేషన్ పరీక్షే పంపలేదు, శాంపిల్ కూడా దాచలేదు. నల్లగింజ ఎలా ఉంటుందో తెలియకుండా ఏం వెతకను? ఫ్లో చేయించుకోమన్నా. అది వేరే దారి, కానీ పీసీఆర్ అంత లోతుకి వెళ్ళదు.

తమ్ముడు: అయ్యో.

అక్క: ఇంకోటి చెప్పాలి, ఎవరూ పట్టించుకోరు. మూలుగ తీసేటప్పుడు సిరంజిలోకి మొదట లాగిన భాగం ఎంఆర్‌డీకి ఇవ్వాలి. తర్వాత లాగేకొద్దీ రక్తం కలిసి పలచబడుతుంది. పాలల్లో నీళ్ళు పోసి వెన్న శాతం చూసినట్టు, జబ్బు ఉన్నా తక్కువ చూపిస్తుంది.

తమ్ముడు: సరే, మళ్ళీ పాజిటివ్ వచ్చిందనుకో. అంటే తిరగబెట్టినట్టేనా?

అక్క: తొందరపడకూడదు. కొందరిలో ఎన్‌పీఎం1 చాలా తక్కువ స్థాయిలో అలాగే ఉండిపోతుంది, ఏమీ అవదు. మేం చూసేది పెరుగుదల. రెండు శాంపిల్స్ మధ్య పది రెట్లు పెరిగిందా? పెరిగితే, కొద్ది వారాల్లో ఇంకో శాంపిల్ తీసి ఖాయం చేసుకోవాలి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో. లేకపోతే ఒక దుకాణం తూకాన్ని ఇంకో దుకాణం తూకంతో పోల్చినట్టే. నిజంగా పెరుగుతుంటే కౌంట్లు పడిపోకముందే డాక్టర్‌కి కొంత సమయం దొరుకుతుంది, మూలుగ ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఆలోచించడానికి...

(ఫోన్ మోగుతుంది)

అక్క: ఆగు, ల్యాబు నుంచి. హలో... శాంపిల్ తెచ్చే అబ్బాయి ఎక్కడున్నాడు? ఉప్పల్ రింగ్ రోడ్డులోనా? ఎంతసేపైంది? డబ్బాలో ఐస్ ప్యాక్ ఉందో లేదో అడుగు ముందు, ఆర్‌ఎన్‌ఏ పాడైతే పేషెంట్‌కి మళ్ళీ సూది గుచ్చాలి... నేను వస్తున్నా.

తమ్ముడు: అక్కా, కుక్కరూ...

అక్క: మూడు విజిల్స్‌కి కట్టెయ్ రా.