గెలిచాక లోపలికి పరుగెత్తినవాడు

శ్రోతలందరికీ నమస్కారం.

2011 జూన్ 12, ఆదివారం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, డాలస్‌ని ఆనుకుని ఉన్న ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్. హాల్లో ఉన్నది ఒక్క సోఫా, మనుషులం తొమ్మిదిమందిమి. కింద దుప్పటి పరిచి కూర్చున్నాం. మధ్యలో పెద్ద బేసిన్ నిండా మరమరాల మిక్చర్. ఆ వేసవికి అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చి ఉన్నారు. టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్, ఆరో మ్యాచ్. ముందు నాలుగు గెలిచినవాళ్లదే కప్పు. ఆట జరుగుతున్నది మయామీలో, గెలుస్తున్నది మా ఊరి జట్టు డాలస్ మావెరిక్స్.

ఇంకో కొద్ది సెకన్లలో ఆట అయిపోతుందనగా జట్టంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడి కౌగిలించుకుంటోంది. అందరిలోకీ పొడవైన మనిషి, ఏడడుగులవాడు, ఎవరి వంకా చూడకుండా స్కోరు రాసేవాళ్ల టేబుల్ దాటి, డ్రెస్సింగ్ రూమ్ వైపు పరుగెత్తాడు. నాన్నగారి గుప్పిట్లో మరమరాలు గుప్పిట్లోనే ఉండిపోయాయి.

"అదేంట్రా, గెలిచి పారిపోతాడేంటి?" అన్నారు.

ఆ పారిపోయినవాడి పేరు డర్క్ నోవిట్స్కీ. అతని గురించే ఈ పూట మాట్లాడదామనుకుంటున్నాను.

డర్క్ 1998లో డాలస్ జట్టులో చేరి 2019లో ఆట వదిలాడు. మొత్తం 21 సీజన్లు, ఒకే జట్టు, ఒకే నంబరు, 41. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఒకే జట్టుకి అన్నేళ్లు ఆడినవాళ్లు లేరు. చివరి సీజన్ నడుస్తున్నప్పుడు డాలస్‌లో ఎక్కడ చూసినా ఒకటే కబురు. ఆఫీసు కాఫీ మెషీన్ దగ్గర, ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటూ, గుళ్లో ప్రసాదం లైన్లో, "నీకు బాగా గుర్తుండిపోయిన డర్క్ ముచ్చట ఏది?" అని. నేనూ అడిగాను, నన్నూ అడిగారు. 31,560 పాయింట్లు కొట్టిన మనిషి కదా, ఏదో ఒక గొప్ప షాట్ చెప్తారనుకుంటాం. కొందరు చెప్పారు కూడా. కానీ ఎక్కువమంది చెప్పినవి అతను ఎవరికీ కనబడకుండా పోవాలనుకున్న క్షణాలు. నాకది చాలా రోజులు విచిత్రంగా అనిపించింది.

అసలు అతని కథ మొదలైందే అలా. జర్మనీలో వూర్ట్స్‌బర్గ్ అనే ఊరు అతనిది. తల్లి బాస్కెట్‌బాల్, తండ్రి హ్యాండ్‌బాల్ ఆడినవాళ్లు. పదహారేళ్ల వయసులో అతని ఆట హోల్గర్ గెష్విండ్నర్ అనే పెద్దమనిషి కంటపడింది. ఆయన 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ జట్టుకి ఆడినవాడు. ఏ కోణంలో విసిరితే బంతి రింగులో పడే అవకాశం ఎక్కువో లెక్క కట్టి మరీ నేర్పే రకం. ఆట మాత్రమే నేర్చుకుంటే చాలదని శిష్యుడి చేత శాక్సఫోన్ కూడా పట్టించాడు. 1998 మార్చిలో ఈ గురువు, శిష్యుణ్ణి వెంటేసుకుని, వూర్ట్స్‌బర్గ్ క్లబ్బు వాళ్లకి మాటైనా చెప్పకుండా విమానమెక్కించాడు. అక్కడ క్లబ్బేమో పై డివిజన్‌కి ఎక్కడానికి మ్యాచ్‌లాడుతోంది! వీళ్లు దిగింది టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో. అమెరికా కుర్రాళ్ల మీద ప్రపంచ జట్టు ఆడే మ్యాచ్ అది. పందొమ్మిదేళ్ల డర్క్ 33 పాయింట్లు కొట్టాడు. ఈ శాన్ ఆంటోనియో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అలా వచ్చినవాడు మొదటి సీజన్లో తేలిపోయాడు. సగటున మ్యాచ్‌కి ఎనిమిది పాయింట్లు. 90లలో ప్లేఆఫ్, అంటే సీజన్ చివరి నాకౌట్ దశ, ముఖం సరిగా చూడని జట్టు, తెచ్చుకున్న జర్మన్ కుర్రాడేమో బక్కపల్చన. ఆ రోజుల నుంచీ మ్యాచ్‌లు చూస్తున్న మా ఆఫీసు టెక్సస్ ఆవిడ ఒకావిడ, "ఇంటికి పోతాడేమో అనుకున్నాం హనీ" అనేది.

పోలేదు. ఏడాది ఏడాదీ సెలవులకి జర్మనీ వెళ్లడం, అదే గురువు దగ్గర వేలసార్లు అదే షాట్ వేయడం, తిరిగి రావడం. ఆ షాట్ సంగతి ఒక్క నిమిషం చెప్తాను, ఎందుకంటే చూడనివాళ్లకి చెప్పకపోతే డర్క్ అర్థం కాడు.

రింగుకి వీపు పెట్టి నిలబడతాడు. వెనక కాపలావాడు ఆనుకుని తోస్తుంటాడు. భుజం ఒకవైపు కదిపి, రెండోవైపు తిరిగి, ఒక మోకాలు పొట్ట దాకా ఎత్తి, ఒంటికాలి మీద వెనక్కి ఒరుగుతూ, బంతిని తల మీది నుంచి వదులుతాడు. ఏడడుగుల మనిషి, పైన చాచిన చేతులు, పైగా వెనక్కి వాలాడు. ఇంక దాన్ని ఎవడు అందుకుంటాడు? మధ్యలో ఆ ఎత్తిన మోకాలు ఒకటి, దగ్గరికి రానివ్వదు. మా రూమ్మేట్ ఒకడు గోదావరి జిల్లా వాడు, మొదటిసారి చూసి "వీడు మా చేలో కొంగలా ఉన్నాడ్రా" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ షాట్ పేరు కొంగ షాట్. కొంగజపం అంటే మనకి దొంగజపం కానీ, ఈ కొంగది మాత్రం నిఖార్సైన తపస్సు. తర్వాత తర్వాత లెబ్రాన్ జేమ్స్, కెవిన్ డ్యురాంట్ లాంటి హేమాహేమీలే దాన్ని నేర్చుకున్నారు. మావెరిక్స్‌ని అమెరికా వాళ్లు ముద్దుగా మావ్స్ అంటారు, మనవాళ్ల నోట్లో అది మావలైంది. "ఇవాళ మావలు గెలిచారా?" ఇదీ సోమవారం పొద్దున పలకరింపు.

ఇక ఆ దెబ్బలు. 2006లో తొలిసారి ఫైనల్‌కి వెళ్లారు. మయామీ మీద మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచి, తర్వాత వరుసగా నాలుగు ఓడారు. మరుసటేడు 2007లో అంతకన్నా ఘోరం. 82 మ్యాచ్‌ల్లో 67 గెలిచి లీగ్‌లోనే మొదట నిలిచిన జట్టు, ఎనిమిదో స్థానంలో ఏదోలా లోపలికి వచ్చిన గోల్డెన్ స్టేట్ చేతిలో మొదటి రౌండ్లోనే పోయింది. చివరి మ్యాచ్‌లో డర్క్ 13 షాట్లు వేస్తే రెండే పడ్డాయి. ఓక్లండ్ స్టేడియంలో లోపలికి వెళ్లే దారిలో చెత్తడబ్బా ఎత్తి గోడకేసి కొట్టాడు. గోడకి బొక్క పడింది. ఆ స్టేడియం వాళ్లు ఎంత గడుసువాళ్లంటే, దాన్ని పూడ్చకుండా అలాగే ఉంచుకున్నారు. కొన్నేళ్ల తర్వాత డర్క్ చేతే దాని మీద సంతకం పెట్టించుకున్నారు!

అదే ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు కూడా అతనికే వచ్చింది. యూరప్ నుంచి వచ్చినవాళ్లలో ఆ అవార్డు అందుకున్న మొదటివాడు. అప్పటికి ఇంటిదారి పట్టి పన్నెండు రోజులైంది. వేదిక మీద ఆ ముఖం చూస్తే అవార్డు తీసుకుంటున్నట్టు లేదు, పరామర్శకి వచ్చినట్టుంది. ఆ తర్వాత మాయం. గురువుతో కలిసి ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడి ఎడారి ప్రాంతాల్లో గడ్డం పెంచుకుని కొన్ని వారాలు తిరిగాడు. నాకు ఆ టెక్సస్ ఆవిడ చెప్పిన డర్క్ ముచ్చట ఇదే. "అప్పుడే నాకు తెలిసింది, వీడికి మాకన్నా ఎక్కువ నొప్పి పెట్టిందని" అంది.

సరే, 2011కి వద్దాం. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆ ఏడాది ఒక పండగ. ఏప్రిల్ 2న వాంఖడేలో ధోనీ సిక్సర్‌తో ప్రపంచ కప్. రెండు నెలలు తిరక్కుండానే ఊరి జట్టు ఫైనల్లో. ఎదురుగా మళ్లీ అదే మయామీ, ఈసారి డ్వేన్ వేడ్‌కి తోడు లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్. దేశంలో చాలామంది వాళ్లే గెలుస్తారన్నారు.

మొదటి మ్యాచ్‌లోనే డర్క్ ఎడమచేతి నడిమివేలి స్నాయువు తెగింది, వేలికి కట్టుతో ఆడాడు. రెండో మ్యాచ్‌లో ఏడు నిమిషాలుందనగా మయామీ 15 పాయింట్లు పైన ఉంది. మా వాళ్లలో ముగ్గురు చెప్పులేసుకుని ఇళ్లకి బయల్దేరారు. డాలస్ ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చింది. చివరి తొమ్మిది పాయింట్లూ డర్క్ ఒక్కడివే. మూడున్నర సెకన్లుందనగా ఆఖరిది పడింది, అదీ ఆ దెబ్బ తగిలిన ఎడమచేత్తోనే. వెళ్లిపోయిన ముగ్గుర్నీ ఇప్పటికీ దెప్పుతాం. నాలుగో మ్యాచ్ నాటికి 101 జ్వరం. దగ్గుకుంటూ, తువ్వాలు కప్పుకుంటూ, ఆఖరి పావుభాగంలోనే పది పాయింట్లు కొట్టి గెలిపించాడు. తర్వాత లెబ్రాన్, వేడ్ కెమెరాల ముందు దగ్గుతూ నవ్వుకున్న వీడియో ఒకటి బయటికొచ్చింది. నిజంగానే దగ్గు వచ్చిందని వేడ్ అన్నాడు లెండి. మా అమ్మ మాత్రం నమ్మలేదు. "జొరం వచ్చినోణ్ణి ఎక్కిరిస్తారా?" అని ఆ రోజు నుంచి మావల పక్షం చేరిపోయింది.

అలా వచ్చిన ఆరో మ్యాచ్‌లో మొదటి సగం డర్క్ 12 షాట్లు వేస్తే పడింది ఒక్కటి. జాసన్ టెర్రీ నిలబెట్టాడు జట్టుని. రెండో సగంలో మాత్రం డర్క్ మరో 18 పాయింట్లు కొట్టాడు. 105-95. తర్వాత జరిగింది ముందే చెప్పాను. లోపల ఒక్కడే కూర్చుని ఏడ్చాడట. కప్పు ఇచ్చే వేళయింది రారా బాబూ అని టీమ్ వాళ్లు వెళ్లి బతిమాలితే గానీ బయటికి రాలేదు.

నాన్నగారి ప్రశ్నకి ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు.

ఇంకో రకం దాగుడుమూత కూడా ఉంది. డాలస్ పిల్లల ఆసుపత్రికి ఏటా క్రిస్మస్ ముందు బహుమతుల సంచులతో వెళ్లేవాడు. కెమెరాలు ఉండకూడదని షరతు. అక్కడి పిల్లలకి అతను అంకుల్ డర్క్. ఏళ్ల తరబడి ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలియలేదు. 2014లో వేరే జట్లు నాలుగేళ్లకి దాదాపు 97 మిలియన్ డాలర్లు ఇస్తామంటే, డాలస్‌లోనే మూడేళ్లకి 25 మిలియన్లకి సంతకం పెట్టాడు. మిగిలిన డబ్బుతో జట్టుకి మంచి ఆటగాళ్లని తెచ్చుకోమని. అలా తెచ్చుకుని పెద్దగా సాధించిందేమీ లేదు, అది వేరే కథ.

ఇక చివరి సీజన్, 2018-19. చీలమండ దగ్గర ఆపరేషన్ అయ్యి, మొదటి 26 మ్యాచ్‌లు ఆడలేదు. వచ్చాక కూడా పరుగు లేదు, నడకకి కాస్త ఎక్కువ అంతే. చూస్తుంటే మనకే మోకాళ్లు నొప్పి పుట్టేవి. ఇదే ఆఖరని అతను మాత్రం నోరు విప్పి చెప్పలేదు. చెప్తే ప్రతి ఊళ్లోనూ సన్మానాలు, దండలు. అది ఇష్టం లేదు. అయినా జనం ఊరుకుంటారా? ఫిబ్రవరి 25న లాస్ ఏంజెలెస్‌లో క్లిప్పర్స్‌తో మ్యాచ్. తొమ్మిది సెకన్లు మిగిలాయి, ఫలితం తేలిపోయింది. ఎదుటి జట్టు కోచ్ డాక్ రివర్స్ టైమ్ అవుట్ అడిగాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన నేరుగా వెళ్లి మైకు అందుకుని, అక్కడున్న డర్క్‌ని చూపించి, లేచి చప్పట్లు కొట్టమన్నాడు. పరాయి ఊరు, పరాయి జనం, అంతా లేచారు. ఆటగాళ్లు, అభిమానులు, అందరూ. డర్క్‌కి ఎక్కడ చూడాలో తెలియలేదు. సూర్యుడు మళ్లీ కనబడగానే సైంధవుడు దొరికినట్టు దొరికిపోయాడు పాపం.

ఈ మాట చెప్తుంటే నాకు మన లక్ష్మణ్ గుర్తొస్తాడు. 2012 ఆగస్టులో, హైదరాబాద్‌లో సొంత జనం ముందు టెస్టుకి ఐదు రోజులుందనగా, జట్టులో ఉండి కూడా ఇక ఆడనని చెప్పేశాడు. ఉప్పల్‌లో నిలబడి చప్పట్లు కొట్టాలనుకున్నవాళ్లకి ఆ బాకీ అలాగే మిగిలిపోయింది. డాలస్ వాళ్లకి ఆ అన్యాయం జరగలేదు. 2019 ఏప్రిల్ 9న సొంతూరి ఆఖరి మ్యాచ్‌లో, నలభై ఏళ్ల మనిషి, జట్టు తొలి పది పాయింట్లూ తనే కొట్టాడు. మొత్తం 30. అయ్యాక చిన్నప్పుడు తను ఆరాధించిన లారీ బర్డ్, చార్లెస్ బార్క్‌లీ, స్కాటీ పిప్పెన్, షాన్ కెంప్, డెట్లెఫ్ ష్రెంఫ్ నడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు. అప్పుడు మైకులో చెప్పాడు, ఇదే ఇక్కడ నా ఆఖరి మ్యాచ్ అని. చిత్రమేమిటంటే అదే రాత్రి మయామీలో వేడ్ కూడా సొంత జనం ముందు ఆఖరిసారి ఆడాడు. అతను కొట్టిందీ 30.

మర్నాడు నిజంగా ఆఖరి ఆట. శాన్ ఆంటోనియోలో. ఇరవై ఒక్క ఏళ్ల కిందట క్లబ్బుకి చెప్పకుండా వచ్చి దిగిన ఊరు. ఇన్నేళ్లూ డాలస్‌కి బద్ధశత్రువు లాంటి జట్టు అది. ఆట మొదలవబోతుండగా వాళ్లు తెర మీద డర్క్ వీడియో వేశారు. అందులో కొన్ని ముక్కలు తమనే ఓడించినవి. జనమంతా నిలబడ్డారు. కోర్టు మధ్యలో డర్క్ కళ్లు తుడుచుకుంటున్నాడు, తుడిచిన కొద్దీ వస్తున్నాయి. ఆ రాత్రి 20 పాయింట్లు కొట్టి, ఆఖరి షాట్ కూడా వేసి పడగొట్టి, కూర్చున్నాడు.

ఆ వీడియో నాన్నగారికి వాట్సాప్‌లో పంపాను. అక్కడ మధ్యాహ్నం అయి ఉంటుంది. భోంచేసి చూసినట్టున్నారు, ఫోన్ చేశారు. మామూలుగా నా ఆరోగ్యం, కరెంటు బిల్లు అడిగే మనిషి, ఆ రోజు ముందే ఈ కబురెత్తారు.

"చూశాన్రా. పాపం, ఈసారి అక్కడే నిలబడ్డాడు."

ఉంటాను మరి. నమస్కారం.