ఫ్రిస్కోలో అందరూ డబ్బున్నవాళ్ళేనా?

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఉంటాం మేము. ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ "మీ ఊళ్ళో అందరూ బాగా సంపాదించేవాళ్ళేనటగా" అంటారు. ఆ మాట నాకు మింగుడు పడదు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

2000 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో 33,714 మంది ఉండేవాళ్ళు. 2010కి 1,16,989 మంది, 2020కి 2,00,509 మంది అయ్యారు. డాలస్ నుంచి వచ్చే టోల్ రోడ్డు ఉత్తరానికి సాగింది, పొలాలన్నీ వెంచర్లయ్యాయి, 2017లో పక్కనే ప్లేనోలో టయోటా వాళ్ళ ఉత్తర అమెరికా హెడ్డాఫీసు తెరిచారు. 2010లో వందకు పదిమంది ఆసియా మూలాల వాళ్ళుంటే, 2020 నాటికి నాలుగో వంతు దాటారు. మనవాళ్ళు ఎంతమందో చూడాలంటే వేసవి సాయంత్రం మా ఇంటి వెనకాల నడిచే దారి (ట్రైల్) మీదకు రండి. చీర కింద స్పోర్ట్స్ షూస్ వేసుకున్న అమ్మమ్మలు, మనవడి స్ట్రోలర్ తోసుకుంటూ బీపీ మాత్రల గురించి చెప్పుకునే తాతయ్యలు కనిపిస్తారు. నాకు ఈ ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే.

ఇక ఆదాయం. ఇక్కడి మధ్యస్థ కుటుంబ ఆదాయం, అంటే సగం ఇళ్ళకు అంతకన్నా ఎక్కువ, సగం ఇళ్ళకు తక్కువ వచ్చే అంకె, ఏడాదికి లక్షా 40 వేల డాలర్లు దాటింది. టెక్సస్ మొత్తం తీసుకుంటే అది దాదాపు సగమే. కానీ ఇది ఒక మనిషి జీతం కాదు, ఇల్లు మొత్తానిది. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉంటే ఆ అంకె దాటడం పెద్ద విషయం కాదు. వాళ్ళలో ఒకరికి లేఆఫ్ వస్తే సగం పోతుంది. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళకైతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి లోన్ వాయిదా మాత్రం ఆగదు. పైకి కనిపించే ఆ ఇళ్ళ లోపల ఎంత టెన్షన్ ఉంటుందో ఆ లెక్కల్లో ఎక్కడా రాదు.

మా పక్కింటావిడ రిటైరైన టీచర్, తెల్లవాళ్ళు. ఈ కాలనీ కట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నారు. మొన్న డైనింగ్ టేబుల్ మీద ప్రాపర్టీ టాక్స్ బిల్లు పరిచి ఒక్కో లైనూ వేలితో చూపించారు. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి స్కూళ్ళ భారం చాలావరకు ఈ ప్రాపర్టీ టాక్స్ మీదే పడుతుంది. 65 దాటినవాళ్ళకు సొంతింటి మీద స్కూల్ టాక్స్ ఒక పరిమితి దాటి పెరగకుండా సీలింగ్ ఉంటుంది. "అదొక్కటే నన్ను ఈ ఇంట్లో ఉంచుతోంది" అన్నారావిడ. వాళ్ళమ్మాయి కూడా టీచరే, పనిచేసేది ఫ్రిస్కోలోనే. ఉండేది మాత్రం ఇంకా ఉత్తరాన, ఆనా అనే ఊళ్ళో. రోజూ గంటన్నర కారులోనే గడిచిపోతుంది. ఇక్కడ మామూలు నాలుగు బెడ్రూముల ఇల్లు ఆరేడు లక్షల డాలర్లు పలుకుతుంటే, ఒక్క టీచర్ జీతంతో ఏ బ్యాంకు లోన్ ఇస్తుంది? మన పిల్లలకు చదువు చెప్పే మనిషికి మన వీధిలో చోటు లేదంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

దీని దెబ్బ చివరికి తగిలేది స్కూళ్ళకే. చిన్న పిల్లలున్న కొత్త జంటలు సెలీనా, ప్రిన్స్‌టన్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళ వైపు వెళ్ళిపోతున్నారు. 2024లో అమెరికాలో 20 వేలు, అంతకు పైన జనాభా ఉన్న ఊళ్ళలో శాతం లెక్కన అన్నిటికన్నా వేగంగా పెరిగింది ప్రిన్స్‌టనే. ఇక్కడేమో పిల్లలు పెద్దవాళ్ళై కాలేజీలకు వెళ్తున్నారు, ఆ ఇళ్ళల్లోకి చిన్న పిల్లలు రావడం లేదు. టెక్సస్‌లో స్కూళ్ళకు డబ్బు రోజూ హాజరయ్యే పిల్లల సగటును బట్టి వస్తుంది. పిల్లలు తగ్గితే ఆ డబ్బూ తగ్గుతుంది. ఏ స్కూళ్ళను చూసి మనం ఇక్కడ ఇళ్ళు కొన్నామో, వాటికే ఈ పరిస్థితి వచ్చింది.

చిన్న ఇళ్ళు, టౌన్‌హోమ్‌లు కడతామని సిటీకి అర్జీ వస్తే "ట్రాఫిక్ పెరుగుతుంది, ఇళ్ళ రేట్లు పడిపోతాయి" అని గొడవ చేసేవాళ్ళలో మనవాళ్ళూ ఉంటున్నారు. దయచేసి ఒక్కసారి ఆలోచించండి. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళకు ఓటు లేదు, కానీ ఏ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చే సిటీ జోనింగ్ హియరింగ్‌కి వెళ్ళి మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు మే నెలలో జరిగే కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలకు తప్పకుండా వెళ్ళండి. పోటీలో నిలబడ్డవాళ్ళను, టీచర్లు కొనుక్కోగలిగే ఇళ్ళ గురించి అడగండి.