విరగకాసిన చెట్టుకు ఊతకర్ర

శ్రోతలకు నమస్కారం. చెట్టు నిండుగా కాస్తే విరగకాసిందని అంటాం. సంతోషంతో అనే ఆ మాటలో విరగడం కూడా ఉన్నదన్న సంగతి, కొమ్మ నిజంగా విరిగిన నాడు గాని మనకు తట్టదు. నాకు మా పెరటి జామచెట్టు దగ్గర తట్టింది.

ఆ ఏడు పిందెలు గుత్తులుగా పట్టాయి. కొన్ని తుంచెయ్యమని మా అమ్మ చెప్పింది. పట్టిన పిందెను తుంచడానికి నాకు చేతులు రాలేదు. కాయలు ఊరేకొద్దీ ఒక పెద్ద కొమ్మ రోజుకింత వంగుతూ వచ్చి, ఒక రాత్రి కురిసిన వానకు, గాలి అంతగా లేకపోయినా, మాను దగ్గర నిలువునా చీలిపోయింది. తెల్లవారి చూస్తే కొమ్మ నిండా పచ్చికాయలే. ఒక్కటీ పక్వానికి రాలేదు.

చీలిన చోటును చాలాసేపు చూశాను. అది ఇరుకైన పంగ. కొమ్మ బెరడూ మాను బెరడూ రెండూ లోపలికి ముడుచుకుపోయి, చెక్కతో చెక్క కలవకుండా అడ్డుపడ్డాయి. ఏళ్ల తరబడి అవి ఒకదానినొకటి ఆనుకుని ఉన్నాయే గాని అతుక్కోలేదు. మానుకు ఎడంగా, 45 నుంచి 60 డిగ్రీల కోణంలో సాగిన కొమ్మకు ఈ బలహీనత సాధారణంగా ఉండదు. అందుకే రెమ్మ లేతగా ఉన్నప్పుడే, మానుకూ దానికీ మధ్య చిన్న పుల్లను అడ్డంగా నిలిపి పంగను వెడల్పు చేయడం మంచిది. ముదిరిన తరువాత వంచబోతే మనమే విరిచినవారమవుతాం.

ఇక బరువు సంగతి. నిండు బిందెను ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉన్నదో కొమ్మకూ అంతే. మాను దగ్గర కాసిన పది కాయలకంటే చివర కాసిన పది కాయలు పంగను ఎక్కువగా లాగుతాయి. వాన పడితే ఆకులమీద నిలిచిన నీటి బరువు కూడా దానికి తోడవుతుంది. కాబట్టి పిందెలు తుంచేటప్పుడు కొమ్మ చివరి నుంచే మొదలుపెట్టాలి. సహజంగా రాలేవి రాలిపోయాక, మిగిలినవి గోలీకాయంత ఉన్నప్పుడు తుంచాలి. ఆపిల్, పీచ్ వంటి చెట్లలో పిందెకూ పిందెకూ సుమారు 15 సెంటీమీటర్ల ఎడం ఉంచుతారు. మిగిలిన కాయ బాగా ఊరుతుంది. చెట్టు కూడా మరుసటి ఏటికి అలసిపోదు.

తుంచడానికి మనసొప్పని వారికి, తుంచినా కాపు బరువుగానే ఉన్నవారికి, ఊతకర్ర ఉన్నది. ఈ ఒక్క పనిని శ్రద్ధగా చేయమని నా మనవి. పంగలకర్ర ఒకటి తీసుకుని, దాని పంగకు గోనెపట్టా గాని పాత గుడ్డ గాని మందంగా చుట్టాలి. లేకుంటే గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా బెరడు ఒరుసుకుపోతుంది. మాను నుంచి కొమ్మ పొడవులో సుమారు మూడింట రెండు వంతుల దూరంలో దానిని ఆనించాలి. కర్ర కింద ఒక పలకరాయి పెడితే తడినేలలో దిగబడదు. వంగిన కొమ్మను పాత ఎత్తుకు బలవంతంగా లేపకూడదు. ఉన్నచోటనే, లేదా కొద్దిగా మాత్రమే ఎత్తి నిలపాలి. తాడు కట్టవలసి వస్తే వెడల్పాటి గుడ్డపట్టీ కట్టాలి గాని ఇనుప తీగ కట్టరాదు, ఎందుకంటే కొమ్మ లావెక్కేకొద్దీ తీగ బెరడును కోస్తుంది. ఇదంతా కొమ్మ వంగకముందే చేయాలి. వంగకముందే.

కోత పూర్తయిన వెంటనే ఆ కర్రను తీసివేయాలి. గాలికి ఊగే కొమ్మ ఆ ఊపుకు తట్టుకునేలా చెక్కను పెంచుకుంటుంది. ఏడాది పొడుగునా కర్రమీద వాలి ఉన్న కొమ్మకు ఆ అవకాశం ఉండదు. మా జామచెట్టుకు మిగిలిన రెండో కొమ్మ కింద ఇప్పుడు కర్ర ఉన్నది. చివరి కాయ కోసిన రోజున దానిని తీసి వసారాలో పెడతాను.