పూల లోయకు రెండు ఖాళీ రోజులు

అందరికీ నమస్కారం.

ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని పూల లోయకు, అంటే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జాతీయ పార్కుకు, ఎలా వెళ్లాలో చెప్పమని నన్ను పిలిచారు. ముందే ఒప్పుకుంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఆ లోయను చూడనే లేదు, దాని గేటు చూసి వచ్చాను. హరిద్వార్‌లో రైలు దిగి, కొండదారిలో కుదుపులు తిని, పది కిలోమీటర్లు నడిచి పైకి చేరాను. తెల్లవారి వానకోటు తొడుక్కుని గేటు దగ్గరికి వెళితే, రాత్రంతా కురిసిన వానకు దారి పాడైందని, ఆ రోజు ఎవరినీ లోపలికి పంపడం లేదని చెప్పారు. మర్నాడు తెరుస్తారేమో, కానీ మర్నాటికి నేను కిందికి దిగిపోవాలి. తిరుగు రైలుకు టికెట్టు ముందే తీసి జేబులో పెట్టుకున్న మనిషిని కదా! దారిలో చరియ విరిగిపడి అప్పటికే ఒక రోజు పోయింది. ఆగస్టులో హిమాలయాల్లో వాన పడుతుందని, వాన పడితే కొండచరియలు జారతాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను వేసుకున్న లెక్కలో ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు. తప్పంతా అక్కడే జరిగింది.

కాబట్టి ఈ సాయంత్రం నేను ఏం చెప్పినా చివరికి ఆ ఖాళీ రోజుల దగ్గరికే వస్తాను, విసుక్కోకండి.

ఈ సభలో బద్రీనాథ్ వెళ్లివచ్చినవారు చాలామందే ఉంటారు. జోషీమఠ్ దాటి, బద్రీనాథ్ ఇంకా పాతిక కిలోమీటర్లు ఉందనగా గోవింద్‌ఘాట్ వస్తుంది. బస్సు అక్కడ ఆగుతుంది, మనవాళ్లు టీ తాగి మళ్లీ ఎక్కేస్తారు. కుడివైపు అలకనంద ఆవలి ఒడ్డున ఒక ఇరుకు లోయ కొండల్లోకి చీలిపోవడం గమనించేవారు తక్కువ. ఆ చీలికలోంచి లక్ష్మణగంగ ఉరుకుతూ వచ్చి అలకనందలో కలుస్తుంది. ఆ ఏటి వెంట పైకి వెళితే పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపులు తిరుగుతాయి. అక్కడి నుంచి ఘాంఘరియా వరకు కాలిబాటే. 2013 వరదలు ఇక్కడి వంతెననూ పాత బాటనూ ఊడ్చుకుపోయాయి. ఇప్పుడు మనం నడిచే దారిలో చాలా భాగం ఆ తర్వాత కట్టినదే. ఘాంఘరియా 3,049 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో ఆ ఊళ్లో ఎవరూ ఉండరు. లోయకు వెళ్లేవారైనా, హేమకుండ్ సాహిబ్ గురుద్వారాకు వెళ్లేవారైనా రాత్రి తలదాచుకోవలసింది ఇక్కడే, ఎందుకంటే పైన రెండు చోట్లా రాత్రి ఉండనివ్వరు.

1931లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు, 7,756 మీటర్ల కామెట్ శిఖరం ఎక్కి దిగివస్తూ, తన బృందంతో ఒక కనుమ దాటి ఈ లోయలోకి దిగాడు. చుట్టూ పూలు. 1937లో మళ్లీ వచ్చి, వారాల తరబడి ఉండి, పూలు సేకరించి పుస్తకం రాశాడు. లోయను ఆయనే కనిపెట్టాడని పర్యాటక పత్రాలలో రాస్తుంటారు. భ్యూందార్ గ్రామస్థులు తరతరాలుగా గొర్రెలు మేపుకుంటున్న చోటును ఇంకొకరు కనిపెట్టడమేమిటో నాకు అర్థం కాదు. ఆయన లోకానికి చాటాడు, అంతవరకు నిజం. అన్నట్టు, అటుగా వచ్చినవాడికి అనుకోకుండా దొరికిన లోయకు మనం గంటల లెక్కన పథకాలు వేసుకుంటున్నాం!

ఎప్పుడు వెళ్లాలి? నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఏటా జూన్ 1న పార్కు తెరుస్తారు, అక్టోబరు 31న మూస్తారు. తెరిచిన రోజునే పరుగెత్తితే మీకు కనిపించేది ఎక్కువగా మంచు. వాగుల మీద గడ్డకట్టిన మంచు ఇంకా వంతెనల్లా ఉంటుంది, దాని పక్కన తడి నేలలోంచి అప్పుడప్పుడే మొలకలు లేస్తుంటాయి. అది చూడదగిందే, కానీ పూల కోసం వెళ్లినవారికి ఏడుపొస్తుంది. నిండుగా పూసేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు. సరిగ్గా అప్పుడే వానలు. వాన లేకుండా పూలు కావాలనేవారికి నా దగ్గర జవాబు లేదు, ఆ వాన వల్లే ఆ పూలు. సెప్టెంబరు రెండో వారానికి ఆకాశం తేటపడుతుంది, శిఖరాలు కనిపిస్తాయి, ఆకులు రంగు మారతాయి, పూలు పలచబడతాయి. నడక కష్టమనిపించేవారికి, చరియలంటే భయపడేవారికి నేను సెప్టెంబరే చెబుతాను.

ఇంకో మాట. ఫోనులో చూసిన గులాబీ రంగు తివాచీ ఫొటోను మనసులో పెట్టుకుని వెళ్లకండి. లోయ ప్రతి పదిహేను రోజులకూ చీర మార్చుకుంటుంది. ఒక పక్షంలో ఊదా, మరో పక్షంలో పసుపు, ఇంకో పక్షంలో తెలుపు. ఏ రోజున ఏది ఎక్కువ ఉంటుందో అంతకు ముందు ఎంత మంచు పడింది, ఎప్పుడు కరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండోసారి వెళ్లినప్పుడు, ఆగస్టు చివర్లో, నాకు తివాచీలు దొరకలేదు. దారి పక్కన నడుము ఎత్తున బాల్సమ్ మొక్కలు కాయ పట్టి ఉన్నాయి. పండిన కాయను చిటికెన వేలితో అలా తాకగానే అది టప్పున పగిలి, తొక్కలు సన్నగా చుట్టుకుపోయి, గింజలు నా ముఖం మీదికి చిమ్మాయి. ఉలిక్కిపడి వెనక్కి అడుగు వేశాను. మళ్లీ తాకాను. అరగంట అదే పని. వెనక వస్తున్న పెద్దాయన ఒకరు ఆగి, నన్ను కాసేపు చూసి, ఏమీ అనకుండా తనూ ఒక కాయను తాకారు. బయలుదేరే ముందు నేను రాసుకున్న పూల జాబితాలో ఆ కాయ లేనే లేదు. పాముపడగలా వంగి, లోపలి నుంచి నాలుక చాచినట్టుండే కోబ్రా లిల్లీ ఉంది, రాళ్ల సందుల్లో ముళ్లతో నిలబడే నీలి పాపీ ఉంది. వాటికి కూడా కళ్లు కాయలు కాచేలా వెతికాను, పాపీ ఒక్కటే దొరికింది, అదీ రేకులు రాలుతూ.

ఇదే లోయలో ఇంకో మొక్క గురించి చెప్పాలి. పోలిగోనం అంటారు. మనిషి ఎత్తు పెరుగుతుంది, తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది. తెలియనివారు దాన్నే ఫొటో తీసుకుని మురిసిపోతారు. 1982లో ఈ లోయ జాతీయ పార్కు అయ్యాక గొర్రెల మేతను ఆపేశారు. ఆ తర్వాత ఈ మొక్క కమ్ముకుని, కింద ఉన్న చిన్న మొక్కలకు ఎండ తగలనివ్వడం లేదని గమనించారు. మేత ఆపడం వల్లే విస్తరించిందని కొందరంటారు, కదిలిన నేలలో, చరియ పడ్డ చోట్ల అది ఎలాగూ వస్తుందని మరికొందరంటారు. అటవీశాఖ ఏటా మనుషులను పెట్టి దాన్ని పీకిస్తుంది. కాబట్టి పార్కులో ఎవరో కట్టలకొద్దీ మొక్కలు పీకుతూ కనిపిస్తే గొడవకు దిగకండి. నాకైతే ఆ కాపరులు ఇప్పుడు ఎక్కడ మేపుకుంటున్నారా అన్న ఆలోచన వచ్చింది. 87.5 చదరపు కిలోమీటర్ల పార్కు ఇది, 2005 నుంచి నందాదేవి జాతీయ పార్కుతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అందులో మనకు తెరిచి ఉంచింది ఒకే ఒక్క బాట. ఆ బాట దిగకండి.

ఇక ఎత్తు సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకునేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఋషీకేశ్ 400 మీటర్ల లోపు. ఘాంఘరియా మూడు వేలు దాటుతుంది. అక్కడ పీల్చిన ప్రతి ఊపిరిలో, సముద్రమట్టం దగ్గర అందే ఆక్సిజన్‌లో సుమారు 70 శాతమే అందుతుంది. రోజూ వ్యాయామం చేసేవాడినని ఎవరైనా ధీమాగా ఉంటే, కొండకు ఆ సంగతి పట్టదు. ఒంట్లో సత్తువ వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. అందుకే కొండ ఎక్కాక మొదటి రాత్రి జోషీమఠ్‌లో పడుకోవాలి. అది 1,900 మీటర్ల దగ్గర ఉంటుంది, సగం దూరంలో మెట్టు వేసినట్టు. గోవింద్‌ఘాట్ నుంచి హెలికాప్టర్ ఉందిగా అంటారు. ఉంది. కొద్ది నిమిషాల్లో పైకి చేరుస్తుంది, అదే దానితో చిక్కు కూడా. పైగా మబ్బు కమ్మితే లేవదు.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇవి కనబడితే ఇంకా పైకి ఎక్కకండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఆగకపోతే, నడక తూలితే, మాట తడబడితే తెల్లవారేదాకా చూద్దాం అనుకోవద్దు. దిగడమే మందు. ముందు జాగ్రత్తగా మాత్రలు వేసుకోవచ్చా అంటే మీ వైద్యుణ్ని అడగండి, సల్ఫా మందులు పడనివారైతే ఆ సంగతి తప్పక చెప్పండి. మద్యం, నిద్రమాత్రలు ఇంటి దగ్గరే వదిలేయండి.

సామాను గురించి గంటసేపు మాట్లాడేవారున్నారు, నేను మూడు మాటలు చెబుతాను. మొదటిది బూట్లు. వాటిని బయలుదేరే ముందు రోజు కొనకండి, కనీసం నెల రోజులు తొడుక్కుని తిరగండి, మెట్లెక్కి దిగండి. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టం, దిగేటప్పుడు మోకాళ్ల కష్టం, దాంతోపాటు బొటనవేలి కష్టం. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. నవ్వుతున్నారు గానీ, పది కిలోమీటర్లు దిగాక నల్లబడిన గోరు చూసుకుంటూ నన్ను తలుచుకుంటారు. రెండోది, నూలు బట్టలు వద్దు. తడిస్తే ఆరవు, ఆరకపోతే చలి ఎముకల్లోకి దిగుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పడిపోతుందని గుర్తుంచుకుని, త్వరగా ఆరేవి, ఒక ఉన్ని స్వెటరు పెట్టుకోండి. మూడోది, సంచి పైన వానతొడుగు ఉందని నమ్ముకోకండి, లోపల పెద్ద ప్లాస్టిక్ కవరులో బట్టలు కట్టిపెట్టండి. ఆ కవరును అక్కడ వదలకుండా వెనక్కి తెచ్చుకోండి.

నమోదుల విషయంలో చాలామంది తికమకపడతారు. బద్రీనాథ్, హేమకుండ్ యాత్రలకు ఉత్తరాఖండ్ ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు వేరు, లోయలోకి అటవీశాఖ ఇచ్చే అనుమతి వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. గేటు ఉదయం 7 ప్రాంతంలో తెరుస్తారు, మధ్యాహ్నం దాటితే కొత్తవారిని పంపరు, సాయంత్రం 5 లోపు అందరూ బయటికి రావాలి. వేళలు మారుతుంటాయి, ముందు రోజే అడగండి. లోపల దుకాణాలు లేవు. గుర్రాలు, కంచర గాడిదలు కూడా లోయలోకి రావు. నీళ్లు, తిండి మీరే మోసుకెళ్లాలి.

లోపలికి వెళ్లాక పుష్పావతి నది మీద వంతెన దాటి, కాసేపు నిట్టనిలువుగా ఎక్కితే లోయ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అక్కడే కూర్చుని వెనక్కి వచ్చేవారున్నారు. వీలైతే ఇంకా ముందుకు, జోన్ మార్గరెట్ లెగ్ సమాధి దాకా వెళ్లండి. 1939లో పూల నమూనాలు సేకరించడానికి వచ్చి, వాలు మీద జారిపడి చనిపోయిన వృక్షశాస్త్రజ్ఞురాలు ఆమె. వాన పడిన రాతిమీద అడుగు ఎలా వేయాలో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. మొదటి రోజు ఋషీకేశ్ చేరడం. రెండో రోజు చీకటి విడవకముందే లేచి జోషీమఠ్‌కు. దాదాపు 250 కిలోమీటర్లే అయినా రోజంతా పడుతుంది, రాత్రివేళ ఆ దారిలో వాహనాలను ఆపేస్తారు. మూడో రోజు పుల్నా, ఘాంఘరియా. నాలుగో రోజు లోయ. ఐదో రోజు హేమకుండ్. ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి, అందుకే దాన్ని లోయ తర్వాత పెట్టాను. పైన సరస్సు పక్కన బ్రహ్మకమలాలు చూస్తారు, చూసి వదిలేయండి, కోయకండి. ఆరో రోజు దగ్గర ఏమీ రాయకండి. ఏడో రోజు జోషీమఠ్‌కు దిగండి, ఎనిమిదో రోజు ఋషీకేశ్. తొమ్మిదో రోజు దగ్గర కూడా ఏమీ రాయకండి. రైలు పదో రోజున.

పది రోజులు సెలవు దొరకదంటారా? అయితే హేమకుండ్ కొట్టేయండి, ఖాళీ రోజులను మాత్రం ముట్టుకోకండి. మూడోసారి వెళ్లినప్పుడు నాకు ఆరో రోజు అవసరం పడలేదు, నాలుగో రోజునే ఎండ కాసింది. ఆ ఆరో రోజు నేను మళ్లీ లోయలోకి వెళ్లాను.

ఇక మీ ప్రశ్నలు. వెనక వరుసలో చెయ్యెత్తినవారు, మీరు అడగండి. మోకాళ్ల గురించేనా?