జిప్సం బస్తా ఉప్పు మొయ్యదండీ బాబూ!

ఆగండాగండి! జిప్సం లోడు దింపుతున్నారా? ముందు ఒక గాజుగ్లాసు పట్రండి.

రొయ్యల చెరువుల వల్లే పొలం చౌడెక్కిందని వరి రైతులు, కాదు సముద్రమే లోపలికొస్తోందని చెరువుల వాళ్లు. గోదావరి డెల్టా తీరంలో మొగల్తూరు నుంచి ఉప్పలగుప్తం దాకా ఇదే గొడవ, మీకు కొత్త కాదు. తిట్టుకోవడం అయ్యాక ఇద్దరూ కొనేది మాత్రం జిప్సమే!

పాలచౌడులో, అంటే కరిగే ఉప్పు పేరుకుని తెల్లపొర కట్టే నేలలో, జిప్సం దండగ. జిప్సమూ ఒక ఉప్పేనండీ, కాల్షియం సల్ఫేటు! అది పనిచేసేది కారుచౌడులో, అంటే సోడియం మట్టికే అంటుకుపోయిన నేలలో. మట్టిని పట్టుకున్న సోడియాన్ని కాల్షియం తోసేస్తుంది. పాలచౌడులో ఉప్పు ఎటూ నీళ్లలో కరిగే ఉంది. దాన్ని కడిగి బయటికి పంపాలంతే.

మీ చౌడు ఏదో తేలాలా? గుప్పెడు మట్టి గ్లాసులో వేసి, వాననీళ్లు పోసి, బాగా గిలక్కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి నీరు తేటపడితే పాలచౌడు. టీ నీళ్లలా మురికిగానే ఉంటే కారుచౌడు. ల్యాబులో పీహెచ్ 8.5 దాటిందని ఖాయం చేసుకుని అప్పుడు కొనండి జిప్సం. అన్నట్టు, ఆ కాగితంలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 2 అని చూసి మురిసిపోకండి! పాలచౌడుకి చెప్పే 4 అనేది తడి మట్టిముద్ద నుంచి తీసిన నీటి లెక్క. ఒకపాలు మట్టికి రెండుపాళ్లు నీళ్లు కలిపి చూస్తే అంకె సగానికి పైనే పడిపోతుంది. వరికి ఆ ముద్ద లెక్కలో 3 దాటితేనే దిగుబడి తగ్గడం మొదలు.

కాలవ వదలగానే దున్ని, గట్లు గట్టిగా వేసి, నాలుగంగుళాల నీరు నిలబెట్టండి. రెండు మూడు రోజులాగి మురుగుకోడులోకి, అంటే పొలాల మురుగునీరు పోయే కాలవలోకి, దించేయండి. ఇలా మూడు నాలుగుసార్లు. కింది రైతు మడిలోకి వదిలితే మాత్రం మీ చౌడు ఆయనకి అంటగట్టినట్టే.

ఇంతకీ కోడు పారితేగా! గుర్రపుడెక్క, పూడిక, పోటొస్తే ఉప్పుటేరు ఎదురెక్కడం. నన్నడిగితే చెరువులకన్నా, సముద్రంకన్నా పెద్ద దోషి ఈ కోడే. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చాడు, వాటిని సాగనంపడం మనకి చేతకాలేదు. కోడు నిండి ఉంటే మడి కింద ఉప్పునీరు దిగదు. దాళ్వా (రెండో పంట వరి) కోసి ఎండలు ముదిరేసరికి వత్తి నూనె పీల్చినట్టు పైకెక్కి, నీరు ఆవిరై, తెల్లపొర మిగులుతుంది. కారుచౌడులోనూ అంతే, జిప్సం విడిపించిన సోడియం పోవడానికి ఇదే దారి కావాలి.

మడి మూలన రెండడుగుల గొయ్యి తీసి మర్నాడు చూడండి. నీరూరిందా? ఆ మట్టం, కోడులో మట్టం, రెండు ఫొటోలూ కామెంట్లో పెట్టండి.